కడుపునొప్పి అంటే నమ్మండి

పిల్లలకు కడుపునొప్పి రాని ఇల్లుండదు. పరీక్షల పొద్దున వచ్చే నొప్పి, పెళ్లి భోజనం మర్నాడు వచ్చే నొప్పి, నులిపురుగుల నొప్పి. ప్రతిదానికీ మన దగ్గర ఏదో ఒక మందు ఉంటుంది. వాము నమిలిస్తాం, మజ్జిగలో ఇంగువ కలిపిస్తాం, వేడి చేసిందని సబ్జా నీళ్లు పడతాం. చాలాసార్లు వాటితోనే సర్దుకుంటుంది కూడా.

ఈ నాలుగు మాటలూ అలా సర్దుకోని నొప్పి గురించి. వారాల తరబడి వదలని నొప్పి, మాటిమాటికీ విరేచనాలు, అందులో రక్తం, తింటున్నా ఒంటికి పట్టకపోవడం. ఇవి కలిసి కనిపిస్తే ఐబీడీ ఏమోనని ఒకసారి చూపించుకోవాలి. పూర్తి పేరు ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్. పేగుల్లో వాపు, పుండ్లు వచ్చి ఏళ్ల తరబడి ఉండిపోయే జబ్బు. ప్రాణం మీదికి రాకుండా చూసుకోవచ్చు, బిడ్డ చదువూ ఆటా సాగేలా అదుపులో పెట్టుకోవచ్చు. అందుకు ముందు అది ఉందని తెలియాలి. చాలా ఇళ్లలో ఆలస్యమయ్యేది అక్కడే.

ఏమిటీ జబ్బు?

ఒంట్లోకి చొరబడే క్రిములతో పోరాడాల్సిన రక్షణ వ్యవస్థ గురి తప్పి సొంత పేగుల మీదే తిరగబడుతుంది. పేగు లోపలి పొర వాచి, పుండ్లు పడి, రక్తం కారుతుంది. ఇందులో ముఖ్యంగా రెండు రకాలు. అల్సరేటివ్ కొలైటిస్‌లో బాధంతా పెద్దపేగులోనే. మలద్వారం దగ్గర మొదలై పైకి పాకుతుంది. రెండోది క్రోన్స్. ఇది నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. కొంత పేగును వదిలేసి మరోచోట పుండు పెట్టవచ్చు, పేగు గోడ మందమంతా లోతుకు దిగవచ్చు. ఎక్కువగా కనిపించేది చిన్నపేగు చివరి భాగంలో. 1932లో న్యూయార్క్ మౌంట్ సైనాయ్ ఆసుపత్రి వైద్యుడు బరిల్ క్రోన్ ఇద్దరు సహచరులతో కలిసి దీన్ని వివరంగా రాశారు. అలా ఆయన పేరే జబ్బుకు స్థిరపడింది.

ఐబీఎస్ అనే మాట కూడా మీరు వినే ఉంటారు. అది వేరు. అందులో నొప్పి, విరేచనాల ఇబ్బంది ఉన్నా పేగులో పుండ్లుండవు, రక్తం పడదు, పిల్లల ఎదుగుదల ఆగదు.

ఇది పెద్దవాళ్ల జబ్బనీ, చల్లటి దేశాల జబ్బనీ ఒక అపోహ ఉంది. పాశ్చాత్య దేశాల లెక్కల్లో ఐబీడీ ఉన్నవాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి 20 ఏళ్లలోపే బయటపడుతోంది. ఇక మన దేశం సంగతి. 1999లో పంజాబ్‌లో జనం మధ్యకు వెళ్లి సర్వే చేస్తే లక్షకు 44 మందికి అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నట్టు తేలింది. ఈమధ్య తెలంగాణ వైద్యులు పేగు సమస్యలున్న 30 వేల మందికి పైగా కొలనోస్కోపీ చేసి 2023లో ఫలితాలు ప్రచురించారు. పట్నంవాళ్లలో ఎంతగా ఉందో పల్లెల్లోనూ ఇంచుమించు అంతే కనిపించింది. కాబట్టి "మన పల్లెటూళ్లో ఇలాంటివి ఎక్కడివి" అనే ధీమా వద్దు.

ఎందుకొస్తుందంటే ఒక్క కారణం చెప్పలేం. జన్యువులు కొంత, పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు కొంత, మారిన తిండీ పరిసరాలూ కొంత. ఇది అంటువ్యాధి కాదు. మీరు కలిపి పెట్టిన ఆవకాయ ముద్దతోనో, మారాం చేస్తే కొనిచ్చిన నూడుల్స్‌తోనో వచ్చింది కాదు. జబ్బు పేరు వినగానే తల్లులు ముందు తమనే తిట్టుకుంటారు. ఆ పని మానేయండి. బిడ్డకు ఇప్పుడు కావలసింది మీ ఓపిక.

ఏం గమనించాలి?

రక్తం పడితే ఎవరైనా కంగారు పడతారు. క్రోన్స్ ఉన్న పిల్లల్లో రక్తం కనబడకపోవచ్చు కూడా. కొందరిలో ముందుగా తెలిసేది ఎదుగుదల మందగించడమే. పోయిన జూన్‌లో కుట్టించిన యూనిఫాం ఈ జూన్‌లో కూడా పొట్టి కాలేదంటే పొదుపు కలిసొచ్చిందని మురిసిపోకండి. గోడకు నిలబెట్టి పెన్సిల్‌తో గీత గీయండి. మూడు నెలలకోసారి గీసి, పక్కన తేదీ వేయండి. పిల్లల డాక్టరుకు అంతకన్నా విలువైన సమాచారం ఉండదు. ఈడు పిల్లలు పుష్పవతి కావడం, గొంతు మారడం బాగా ఆలస్యమైనా చెప్పండి.

ఇంకొన్ని గుర్తులున్నాయి. రాత్రి నిద్రలోంచి లేచి విరేచనానికి వెళ్లడం. తరచూ సన్నటి జ్వరం. నోట్లో పదేపదే పుండ్లు. మోకాళ్లు, మడమలు నొప్పి. కళ్లు ఎర్రబడి మంట. కాళ్ల మీద ఎర్రటి, నొప్పిగా ఉండే గడ్డలు. రక్తం తక్కువగా ఉండి ఐరన్ మందులు వాడినా పెరగకపోవడం. పేగుల జబ్బుకు కళ్లూ కీళ్లూ ఏమిటని మనకు తోచదు. అందుకే ఒకటి కళ్ల డాక్టరుకు, ఒకటి ఎముకల డాక్టరుకు చూపిస్తాం. అన్నీ ఒకే కాగితం మీద రాసి ఒకే డాక్టరు ముందు పెట్టండి.

మలద్వారం దగ్గర పుండు, చీము, తోలు పెరిగినట్టు ఉండటం కూడా క్రోన్స్ గుర్తు కావచ్చు. దీన్ని మొలలనుకుని ఊళ్లో మొలలకు మందు కట్టేవాళ్ల దగ్గరకు తీసుకెళ్తారు. చిన్నపిల్లలకు మొలలు రావడం అరుదు. అక్కడ కోతలూ కాల్చడాలూ చేయిస్తే ఉన్న పుండు ఇంకా ముదురుతుంది.

వీటిలో సగం సంగతులు పిల్లలు చెబితేనే తెలుస్తాయి. ఏడెనిమిదేళ్లు దాటాక ఏ తల్లీ బిడ్డ విరేచనం చూడదు. వాళ్లకేమో చెప్పడానికి సిగ్గు. చెప్పినప్పుడు "ఛీ, అన్నం దగ్గర ఆ మాటలేంటి" అని ఒకసారి కసిరితే రెండోసారి చెప్పరు. వారానికోసారి, ఇద్దరే ఉన్నప్పుడు మామూలుగా అడగండి. రోజుకు ఎన్నిసార్లు వెళ్తున్నావు? రాత్రి లేస్తున్నావా? ఎర్రగా, జిగటగా ఏమైనా కనబడిందా? ఆపుకోలేక ఇబ్బంది పడ్డావా? జలుబు గురించి అడిగిన గొంతుతోనే అడగండి. బడి ఎగ్గొట్టడానికి నాటకమాడుతున్నాడని అనుమానం వచ్చినా సరే, ముందు నమ్మండి. పరీక్షలు చేయించాక ఏమీ లేదని తేలితే నష్టం లేదు. నమ్మక పోగొట్టుకున్న ఏడాది మాత్రం తిరిగి రాదు.

పరీక్షలు, మధ్యలో టీబీ మెలిక

మొదట చేసేవి తేలికైన పరీక్షలే. హిమోగ్లోబిన్, సీఆర్‌పీ, అల్బుమిన్ వంటి రక్త పరీక్షలు, జిగట విరేచనాల క్రిముల కోసం మల పరీక్ష. మలంలోనే క్యాల్‌ప్రొటెక్టిన్ అనే పరీక్ష ఉంది. పేగులో వాపు ఉందో లేదో సూది గుచ్చకుండా ఒక అంచనాకు రావచ్చు. అది ఎక్కువగా ఉంటే కొలనోస్కోపీ, ఎండోస్కోపీ చేసి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. పిల్లలకు మత్తు ఇచ్చి చేస్తారు కాబట్టి నొప్పి తెలియదు.

అసలు కష్టం ముందురోజు. పేగు శుభ్రం కావడానికి లీటర్ల కొద్దీ మందునీళ్లు తాగాలి. ఉప్పగా, వెగటుగా ఉంటాయి. ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా, స్ట్రాతో, కొంచెం కొంచెంగా తాగించండి. డాక్టరు ఒప్పుకుంటే మధ్యమధ్య కొబ్బరినీళ్లు ఇవ్వచ్చు. ఎర్రరంగు పానీయాలు వద్దు, లోపల రక్తమని పొరబడే వీలుంది. పదేపదే కడుక్కోవడంతో ఒరుసుకుపోతుంది కనుక మెత్తటి బట్టతో అద్ది కొబ్బరినూనె రాయండి. ఆ రోజు బాత్రూమ్ ఆ బిడ్డదే. మిగతావాళ్లు పక్కింటికి వెళ్లినా ఫర్వాలేదు.

మన దేశంలో ఒక మెలిక ఉంది. పేగులకు టీబీ వచ్చినా అచ్చం క్రోన్స్‌లాగే ఉంటుంది. అదే చోటు, అదే పుండు, అదే జ్వరం, అదే చిక్కిపోవడం. బయాప్సీ చూసినా ఒక్కోసారి నిపుణులకే తేలదు. అప్పుడు టీబీ మందులు మొదలుపెట్టి, రెండు నెలల తర్వాత మళ్లీ కొలనోస్కోపీ చేసి పుండ్లు మానాయో లేదో చూస్తారు. మానకపోతే క్రోన్స్ వైపు ఆలోచిస్తారు. ఈ తిరుగుడు చూసి డాక్టరుకేమీ తెలియదని ఆసుపత్రి మార్చకండి. తొందరపడి క్రోన్స్ మందులిస్తే, ఉన్నది టీబీ అయితే విజృంభిస్తుంది. అదేవిధంగా నెలలు గడిచినా తగ్గకుండా టీబీ మందులే మింగిస్తూ పోవడమూ తప్పు. రెండు నెలలకు మళ్లీ చూడాలన్న గడువు మీరూ గుర్తుపెట్టుకుని అడగండి.

హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, విశాఖలో కేజీహెచ్ వంటి పెద్దాసుపత్రుల్లో గ్యాస్ట్రో ఎంటరాలజీ విభాగాలున్నాయి. పిల్లల జబ్బు కనుక పిల్లల గ్యాస్ట్రో నిపుణులు దొరికితే మరీ మంచిది. ఆరేళ్లలోపు బిడ్డకైతే తప్పనిసరిగా వాళ్లకే చూపించాలి. అంత చిన్నవాళ్లలో ఒక్కోసారి ఒకే జన్యు లోపం కారణమై ఉంటుంది, చికిత్స దారే మారిపోతుంది. మొదటి రోజు నుంచీ ఒక ఫైలు పెట్టి, బయాప్సీ రిపోర్టులూ స్కానుల సీడీలూ తేదీల వారీగా దాచండి.

బిడ్డకు ఎలా చెప్పాలి?

జబ్బు పేరు దాచవద్దు. తలుపు వేసుకుని మీరిద్దరూ గుసగుసలాడితే వాళ్లు దానికన్నా పెద్దదేదో ఊహించుకుంటారు. చిన్నపిల్లలైతే ఇలా చెప్పవచ్చు. "మన ఇంటి కుక్క దొంగల్ని చూసి మొరగాలి కదా. అది పొరబడి మనల్నే కరుస్తోంది. దాన్ని శాంతపరచడానికే ఈ మందు." పదేళ్లు దాటినవాళ్లకు నిజం నిజంగానే చెప్పండి. ఇది చాలాకాలం ఉంటుంది. కొన్ని నెలలు, ఏళ్లు కూడా అసలేమీ లేనట్టు ఉంటుంది. మధ్యలో మళ్లీ తిరగబెట్టవచ్చు. అది నీ తప్పు కాదు.

ఈ జబ్బుతోనే పెద్ద పనులు చేసినవాళ్లున్నారని కూడా చెప్పండి. జపాన్ ప్రధానిగా చేసిన షింజో అబేకు కుర్రతనం నుంచే అల్సరేటివ్ కొలైటిస్ ఉండేది. 2007లో దాంతోనే పదవి వదిలేశారు. మందులతో కోలుకుని 2012లో తిరిగొచ్చి, ఆ దేశాన్ని అందరికంటే ఎక్కువ కాలం పాలించిన ప్రధాని అయ్యారు. 2020లో జబ్బు తిరగబెట్టి మళ్లీ దిగిపోవలసి వచ్చింది. ఆ మాట కూడా దాచకుండా చెబితేనే పిల్లలు నమ్ముతారు. బ్రిటన్ పడవ పందేల వీరుడు స్టీవ్ రెడ్‌గ్రేవ్‌కు 1992లో ఈ జబ్బు బయటపడింది. ఆ తర్వాత 1996లో, 2000లో కూడా ఒలింపిక్ స్వర్ణం గెలిచారు.

మందులు: తగ్గాక మానేయడమే అసలు ప్రమాదం

మందులు రెండు పనులకు. మంటను ఆర్పడానికి కొన్ని, మళ్లీ రాకుండా కాపలా కాయడానికి కొన్ని. ఆర్పేవాటిలో స్టెరాయిడ్లు ముఖ్యమైనవి. వారం తిరక్కముందే ఆకలి పుట్టించి, నొప్పి తగ్గించి, బిడ్డను లేపి కూర్చోబెడతాయి. ఆ వెంటే మొహం ఉబ్బుతుంది, మొటిమలొస్తాయి, చిరాకు పెరుగుతుంది, నిద్ర పట్టదు. ఎక్కువకాలం వాడితే ఎముకలు బలహీనపడి ఎత్తు పెరగడం ఆగుతుంది. అందుకే డాక్టర్లు మెల్లగా తగ్గించి ఆపేస్తారు. మొహం ఉబ్బిందని మీరు ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణానికే ప్రమాదం. పదమూడేళ్ల అమ్మాయి అద్దం ముందు నిలబడి ఏడుస్తుంటే "అందం కన్నా ఆరోగ్యం ముఖ్యం" అని ఉపన్యాసం ఇవ్వకండి. మందు తగ్గించేకొద్దీ మొహం మామూలవుతుందని చెప్పండి. అది నిజం కూడా.

కాపలా కాసేవాటిలో మెసలమైన్, అజాతియోప్రిన్ ఎక్కువగా వింటారు. అజాతియోప్రిన్ మొదలుపెట్టాక రక్తకణాల పరీక్ష పదేపదే చేయించాలి. మన దేశంలో కొందరిలో ఉండే ఒక జన్యు తేడా వల్ల తెల్లకణాలు హఠాత్తుగా పడిపోతాయి, జుట్టు కుచ్చులుగా ఊడుతుంది. నుడ్ట్15 అనే జన్యు పరీక్షతో ముందే తెలుసుకునే వీలుంది, మీ డాక్టరును అడగండి. ఇంక బయొలాజిక్స్ అనే ఇంజెక్షన్లు. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను సెలైన్‌లా ఎక్కిస్తారు, అడాలిముమాబ్‌ను చర్మం కింద ఇస్తారు. వీటికి ముందు దాగి ఉన్న టీబీ కోసం తప్పనిసరిగా పరీక్షిస్తారు. ఖరీదైనవే, అయితే మన దేశంలోనే తయారయ్యే బయోసిమిలర్లు వచ్చాక ధర కొంత దిగింది. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి ఏ పథకం కింద ఎంత వస్తుందో మొదటే కనుక్కోండి. మామూలు మాత్రలు జన ఔషధి కేంద్రంలో దొరుకుతాయేమో అడగండి.

టీకాల సంగతి మరవద్దు. రక్షణ శక్తిని తగ్గించే మందులు మొదలయ్యాక ఆటలమ్మ, ఎంఎంఆర్ వంటి జీవ టీకాలు వేయకూడదు. వేయవలసినవి ఏమైనా ఉంటే ముందుగానే అడిగి వేయించాలి. ఫ్లూ వంటివి తర్వాతైనా వేయించవచ్చు. జ్వరానికి, తలనొప్పికి పారాసెటమాల్ చాలు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు పేగు పుండ్లను రేపవచ్చు. మెడికల్ షాపులో అడిగి తెచ్చి వేయకండి.

పిల్లవాడు బాగుంటాడు, పరుగులు తీస్తుంటాడు, ఆర్నెల్లుగా ఒక్క విరేచనం లేదు. అప్పుడే ఎవరో ఒకరు వచ్చి "ఇన్ని ఇంగ్లీషు మందులు మింగిస్తే లివర్ పాడవుతుంది, ఫలానా ఊళ్లో పసరు పోస్తారు" అంటారు. చెప్పేది ప్రేమతోనే. బాగుండటానికి కారణం ఆ మందులేనన్నది వాళ్లకు కనిపించదు. పసుపు వంటివాటి మీద పరిశోధనలు జరిగాయి, మందుతోపాటు కొంత మేలు చేసే సూచనలూ ఉన్నాయి. మందుకు బదులు మాత్రం కావు. ఏది కలపాలన్నా డాక్టరుకు చెప్పి కలపండి.

పళ్లెంలో ఏముండాలి?

తిండి దగ్గరే ఇంట్లో ఎక్కువ గొడవలు. కారం వద్దు, పప్పు వద్దు, పాలు వద్దు, గుడ్డు వేడి అంటూ ఒక్కొక్కటీ తీసేస్తే చివరకు మజ్జిగన్నం మిగులుతుంది. అసలే చిక్కిపోయిన బిడ్డ ఇంకా చిక్కుతుంది. అందరికీ సరిపోయే పథ్యం లేదు. జబ్బు రేగినప్పుడు మెత్తగా వండిన అన్నం, పెసరపప్పు కట్టు, ఇడ్లీ, పెరుగన్నం, ఉడికించిన గుడ్డు, అరటిపండు ఒంటికి పడతాయి. ఆ రోజుల్లో పచ్చి కూరగాయలు, వేపుళ్లు, ఎక్కువ కారం తగ్గించండి. పేగు సన్నబడిందని డాక్టరు చెప్పి ఉంటే మునగకాడ పీచు, చిక్కుడు తొక్కలు, జామగింజలు అడ్డుపడే ప్రమాదముంది. జబ్బు అణిగాక ఒక్కొక్కటీ తిరిగి పెట్టండి. ఆవకాయ ముక్క తింటే ఏమీ కాని పిల్లలూ ఉన్నారు, పాలు పడని పిల్లలూ ఉన్నారు. రెండు వారాలు ఏం తిన్నదీ, ఎలా ఉన్నదీ రాసి చూస్తే మీ బిడ్డకు ఏది పడదో మీకే తెలుస్తుంది. పాలు పడుతుంటే ఊరికే మాన్పించకండి, స్టెరాయిడ్లు వాడే పిల్లల ఎముకలకు కాల్షియం కావాలి. ఐరన్, విటమిన్ డి, బి12 కూడా అప్పుడప్పుడు పరీక్షించాలి.

క్రోన్స్ ఉన్న పిల్లలకు ఆహారమే మందైన చికిత్స ఒకటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలపాటు వేరే ఏ తిండీ లేకుండా డాక్టరు చెప్పిన పోషక ద్రవం మాత్రమే తాగడం. పిల్లల్లో ఇది స్టెరాయిడ్లంత బాగా వాపు తగ్గిస్తుంది, పైగా ఎదుగుదలకు సాయం చేస్తుంది. అల్సరేటివ్ కొలైటిస్‌కు పనిచేయదు. వినడానికి తేలికే. ఇంట్లో తాలింపు వాసన వస్తుంటే ఎనిమిది వారాలు గ్లాసుతో గడపడం మహా కష్టం. ఆ రోజుల్లో పండగ పిండివంటలు వాయిదా వేసుకోండి. భోజనాల వేళ బిడ్డను ఒక్కణ్నీ గదిలో కూర్చోబెట్టకుండా, ఇష్టమైతే మీ పక్కనే గ్లాసుతో కూర్చోనివ్వండి, వద్దంటే ఆ గంటకు ఆటకు పంపండి. ఎలా గడపాలో వాళ్లనే అడగండి.

బడి, హాస్టలు

ఈ జబ్బున్న పిల్లలు బడిలో భయపడేది నొప్పికి కాదు, బాత్రూమ్‌కు. టీచరు "ఇప్పుడే కదా వెళ్లావు" అంటే తరగతి నవ్వుతుంది. ఆ నవ్వుకు భయపడి పొద్దున్నుంచీ ఏమీ తినకుండా, నీళ్లు తాగకుండా ఉంటారు. ఏడాది మొదట్లోనే హెడ్‌మాస్టరునూ క్లాస్ టీచరునూ కలిసి డాక్టరు సర్టిఫికెట్‌తోపాటు ఒక చీటీ ఇవ్వండి. పొడుగ్గా అక్కర్లేదు:

"మా అబ్బాయికి పేగుల వాపు జబ్బు ఉంది. అంటుకునేది కాదు. మందులు వాడుతున్నాడు. ఒక్కోసారి ఉన్నపళంగా బాత్రూమ్‌కు వెళ్లవలసి వస్తుంది. చెయ్యెత్తగానే కారణం అడగకుండా పంపండి. తలుపు దగ్గరి బెంచీలో చోటివ్వండి. ఒంట్లో బాగుండనప్పుడు ఆటలకు బలవంతం చేయకండి, బాగున్నప్పుడు ఆపకండి. దయచేసి ఈ సంగతి తరగతిలో అందరి ముందూ ఎత్తకండి."

బ్యాగులో అడుగున ఒక నల్ల కవరులో మార్చుకునే బట్టలు, చిన్న తువ్వాలు, సబ్బు ముక్క పెట్టండి. వాడే అవసరం రాకపోవచ్చు. ఉందన్న ధైర్యమే సగం పని చేస్తుంది. బడిలో బాత్రూమ్ తాళం ఎవరి దగ్గరుంటుందో, నీళ్లొస్తున్నాయో లేదో మీరే వెళ్లి ఒకసారి చూసి రండి. పరీక్షల్లో మధ్యలో లేచి వెళ్లే అనుమతి కోసం ముందే దరఖాస్తు ఇవ్వండి.

పది అయ్యాక మన దగ్గర వచ్చే ప్రశ్న ఇంటర్ హాస్టల్. తెల్లవారుజామున లేపి, రాత్రి దాకా స్టడీ అవర్స్ పెట్టి, బాత్రూమ్ దగ్గర వరుసలో నిలబెట్టే చోటు ఈ పిల్లలకు సరిపడదు. నిద్ర తగ్గితే, మందు తప్పితే, మెస్ తిండి వికటిస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. అడాలిముమాబ్ లాంటి ఇంజెక్షన్లు ఫ్రిజ్‌లో ఉండాలి, హాస్టల్లో అది ఎవరి పూచీ? వీలైతే ఇంటి దగ్గర కాలేజీలో డే స్కాలర్‌గా చేర్పించండి. ఈఏపీసెట్ ర్యాంకు ఒక ఏడాది వెనకైనా వస్తుంది. వార్షిక పరీక్షల నెలలో జబ్బు రేగితే సప్లిమెంటరీ ఉంది. ఈ రెండు మాటలూ వాళ్లడగకముందే మీరు చెప్పాలి. మార్కుల భయంతో నొప్పి దాచిపెట్టే పిల్లలు చాలామంది.

చుట్టాలు, తోబుట్టువులు, పెళ్లి మాట

పెళ్లిలో పిన్ని గడ్డం పట్టుకుని "ఏమే, ఇలా పుల్లలా అయ్యావు, మీ అమ్మ తిండి పెట్టట్లేదా" అంటుంది. స్టెరాయిడ్లు వాడే నెలల్లో అదే పిన్ని "బాగా ఒళ్లు చేశావే" అంటుంది. రెండూ గుచ్చుకుంటాయి. జవాబు చెప్పే పని బిడ్డ మీద వదలకండి. "పేగుల్లో వాపు ఉంది పిన్నీ, మందులు వాడుతున్నాం, బాగానే ఉంది" అని మీరే తేలిగ్గా అనేసి మాట మార్చండి. ఎవరికి ఎంత చెప్పాలో ముందుగా బిడ్డతో అనుకోండి. అది వాళ్ల ఒంటి సంగతి, వాళ్ల అనుమతి కావాలి.

ఆడపిల్ల అయితే బామ్మలు గొంతు తగ్గించి పెళ్లెలాగంటారు. జబ్బు అదుపులో ఉన్నవాళ్లు పెళ్లి చేసుకుంటున్నారు, పిల్లల్ని కంటున్నారు. గర్భం కోసం ముందుగా డాక్టరుతో మాట్లాడి మందులు సరిచూసుకోవాలి, మెథోట్రెక్సేట్ వంటివి ముందే ఆపాలి, అంతే. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉన్నా పిల్లలకు వచ్చే అవకాశం తక్కువే.

ఆసుపత్రుల చుట్టూ తిరిగే ఇంట్లో రెండో బిడ్డ పక్కకు పడిపోతాడు. వాడికి కూడా కడుపునొప్పి మొదలైతే ఆశ్చర్యపోకండి. వాడికంటూ వారంలో ఒక సాయంత్రం ఉంచండి. జబ్బున్న పిల్లల్లో దిగులు, ఆందోళన మామూలు పిల్లలకన్నా ఎక్కువ. స్నేహితుల దగ్గరకు వెళ్లడం మానేసినా, ఇష్టమైన ఆట వదిలేసినా, ఊరికే పడుకుంటున్నా మానసిక వైద్యుల సాయం తీసుకోండి. అది కూడా చికిత్సలో భాగమే.

ఎప్పుడు పరుగెత్తాలి?

రోజుకు ఆరుసార్లకు మించి రక్త విరేచనాలు, దాంతోపాటు జ్వరం, గుండె దడ ఉంటే అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లండి. కడుపు ఉబ్బి, వాంతులవుతూ, విరేచనం గానీ గాలి గానీ పోకపోయినా అంతే. విరేచనాలు కట్టే మాత్రలు సొంతంగా వేయకండి. రక్షణ శక్తి తగ్గించే మందులు వాడుతున్న బిడ్డకు ఆటలమ్మ వచ్చినవాళ్లు తగిలినా, జ్వరం తగ్గకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు ఫోన్ చేయండి.

పగ్గాలు మెల్లగా వాళ్ల చేతికి

పన్నెండేళ్లకు తన మందుల పేర్లు తనకు తెలియాలి. పద్నాలుగేళ్లకు మాత్రల డబ్బా తనే నింపుకోవాలి. పదహారేళ్లకు డాక్టరు ముందు మొదట తనే మాట్లాడాలి, మీరు పక్కన కూర్చుని ఏదైనా మరిచిపోతే అందించాలి. పద్దెనిమిది నిండేసరికి పిల్లల డాక్టరు నుంచి పెద్దల డాక్టరుకు మారడం ఒక్కరోజులో కాకుండా ఏడాది ముందు నుంచే మొదలుపెట్టండి. అల్సరేటివ్ కొలైటిస్ మొదలై ఎనిమిదేళ్లు దాటాక పెద్దపేగు క్యాన్సర్ కోసం క్రమం తప్పకుండా కొలనోస్కోపీ చేయించుకోవాలి. ఆ సంగతి గుర్తుంచుకోవలసింది అప్పటికి వాళ్లే. క్రోన్స్ ఉన్నవాళ్లకు పొగాకు పెద్ద శత్రువని కాలేజీకి వెళ్లకముందే చెప్పండి.

ఏటా మే 19న ప్రపంచ ఐబీడీ దినం జరుపుతారు. ఊదారంగు రిబ్బన్లు కడతారు, భవనాలకు ఊదారంగు దీపాలు పెడతారు. మీ ఇంటి సంగతి చెప్పుకోవడానికి ఆ రోజు దాకా ఆగనక్కర్లేదు. మీ బిడ్డ సరేనంటే బడి గేటు దగ్గర నిలబడ్డ తోటి తల్లులకో, అపార్ట్‌మెంటులో పక్కవాళ్లకో దాపరికం లేకుండా చెప్పండి. "మావాడికి ఏడాదిపాటు గ్యాస్ అనుకున్నాం, కాదట, పేగుల్లో పుండ్లట" అన్న ఒక్క మాట చాలు. విన్నవాళ్లలో ఎవరో ఒకరు ఇంటికెళ్లి తమ బిడ్డను అడుగుతారు, రాత్రిళ్లు లేస్తున్నావా అని.